అప్పుల ఫైలు నుంచి అధికారిక అంకె దాకా: కేంద్ర బ్యాంకు గణాంకాల్లో డేటా సైన్స్ వాడే పద్ధతి

డేటా సైన్స్ నేర్చుకుని బ్యాంకు రిటర్నుల (బ్యాంకులు కేంద్ర బ్యాంకుకి పంపే వివరాల ఫైళ్ల) పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే. "సార్, మోడల్ 95 శాతం కరెక్ట్‌గా చెప్తోంది, ఇక అంకె బయటికి ఇచ్చేయొచ్చు కదా?" ఇవ్వకూడదు. ఎందుకు ఇవ్వకూడదో, ఇవ్వాలంటే ముందు ఏమేం చేయాలో వరసగా రాస్తున్నాను.

ఒకే ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. వాణిజ్య బ్యాంకులు రిజర్వ్ బ్యాంకుకి పంపే బేసిక్ స్టాటిస్టికల్ రిటర్నుల్లో బీఎస్‌ఆర్-1 అనేది అప్పుల గురించి. అప్పు వాడిన జిల్లా, ఖాతా రకం, వృత్తి కోడు, వడ్డీ రేటు, మంజూరు పరిమితి, బాకీ ఇవన్నీ అందులో ఉంటాయి. అలాంటి ఫైలు నుంచి "జిల్లా వారీగా, వ్యాపకం (అప్పు ఏ పనికి తీసుకున్నారో) వారీగా అప్పు బాకీ" అనే పట్టిక చేయడం మన పని. ఫైలు ఆకారం అక్కడిది, కింద లెక్కల్లో వేసిన అంకెలు మాత్రం పద్ధతి అర్థం కావడానికి నేను అనుకున్నవి.

ఇందులో డేటా సైన్స్‌కి మూడు చోట్ల పని ఉంది. తప్పుగా వచ్చిన రిపోర్టుల్ని పట్టడం, అప్పు దేనికో రాసిన మాటల్ని కోడుగా మార్చడం, ఒకే సంస్థ పేరు నాలుగు రకాలుగా రాసి ఉంటే కలపడం. మిగతాది మామూలు గణాంకాల పనే, కానీ అది సరిగా లేకపోతే ఈ మూడింటి వల్లా ఉపయోగం లేదు.

## 1. కోడ్ రాయకముందు ఖాళీ పట్టిక గీయండి

తెల్లకాగితం తీసుకుని, ప్రచురించబోయే పట్టికని అంకెలు లేకుండా గీయండి. నిలువునా జిల్లాలు, అడ్డంగా వ్యాపకాలు. గీస్తుంటేనే అసలు సందేహాలు బయటపడతాయి.

హైదరాబాద్ బ్రాంచిలో మంజూరైన అప్పుతో నల్గొండ జిల్లాలో ఫ్యాక్టరీ కట్టారనుకోండి. అది ఏ గడిలో పడాలి? మంజూరైన చోటు ప్రకారమైతే హైదరాబాద్, వాడిన చోటు ప్రకారమైతే నల్గొండ. రెండూ సరైన నిర్వచనాలే, కాకపోతే రెండూ వేర్వేరు పట్టికలు. ఏది కావాలో మీరు ముందే తేల్చుకోకపోతే మీ కోడ్‌లో ఏదో ఒక కాలమ్ పేరు తేల్చేస్తుంది, ఆరు నెలల తర్వాత ఎవరో అడిగితే జవాబు ఉండదు.

కాగితం మీద రాసి, పై అధికారితో సంతకం పెట్టించుకోవాల్సినవి:

- లెక్కించేది బాకీనా, మంజూరు పరిమితా
- ఏ తేదీ నాటి బాకీ (మార్చి 31 అంటే ఆ రోజు సాయంత్రం పద్దు మూసిన తర్వాతదా)
- మంజూరైన జిల్లానా, వాడిన జిల్లానా
- ఏ బ్యాంకులు లోపల, ఏవి బయట (సహకార బ్యాంకులు, బ్యాంకులు కాకుండా అప్పులిచ్చే ఎన్‌బీఎఫ్‌సీలు సంగతేంటి)
- యూనిట్: రూపాయలా, వేలా, లక్షలా, కోట్లా
- ఎంత తప్పు వరకు భరిస్తాం: ఒక్క శాతమా, ఐదు శాతమా

చివరి పాయింట్‌ని చాలామంది వదిలేస్తారు. భరించగలిగే తప్పు ఎంతో తెలియకపోతే మోడల్ సరిపోయిందో లేదో చెప్పడానికి కొలత ఏదీ ఉండదు.

## 2. వచ్చిన ఫైలుని వచ్చినట్టే దాచండి

ఇది చిన్న మెట్టు. ఒరిజినల్ ఫైలుని చదవడానికి తప్ప మార్చడానికి వీల్లేని ఫోల్డర్లో పెట్టండి, హ్యాష్ విలువ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి కోడు) రాసి ఉంచండి, వచ్చిన తేదీ, టైమ్, పంపిన బ్యాంకు నమోదు చేయండి. అదే బ్యాంకు సవరించి మళ్లీ పంపితే పాతదాని మీద రాయకండి, రెండో వెర్షన్‌గా పక్కన పెట్టండి.

పేరు, పాన్, ఖాతా నంబరు ఉన్న కాలమ్‌లని మొదటిరోజే విడదీసి, వాటి స్థానంలో అర్థం లేని గుర్తింపు సంఖ్య పెట్టండి. ఐక్యరాజ్యసమితి అధికారిక గణాంకాల పది మూల సూత్రాల్లో ఆరోది ఇదే చెబుతుంది: వ్యక్తుల, సంస్థల వివరాలు పూర్తిగా రహస్యం, గణాంకాల కోసం తప్ప దేనికీ వాడకూడదు. కాబట్టి ఈ ఫైలులోంచి పది వరసలు కాపీ చేసి బయటి చాట్‌బాట్‌లో పేస్ట్ చేసి "కోడ్ రాసిపెట్టు" అనడం కుదరదు. పరీక్షకి వరసలు కావాలంటే మీరే ఉత్తుత్తివి తయారు చేసుకోండి.

## 3. జిల్లాలు, బ్యాంకులు, బ్రాంచిలు: తేదీ ఉన్న పట్టిక

ఇక్కడ నిదానించండి. నా అనుభవంలో మోడల్స్ వల్ల వచ్చిన తప్పుల కంటే ఈ మెట్టు దగ్గర వచ్చినవే ఎక్కువ.

తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా పేరు పట్టుకుని పదేళ్ల వరస గీస్తే గ్రాఫులో అప్పు ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి సగం బ్రాంచిలు పక్క జిల్లా లెక్కలోకి పోయాయి, అంతే.

వరంగల్‌నే చూడండి. 2016కి ముందు వరంగల్ అంటే పెద్ద ఉమ్మడి జిల్లా. 2016 తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు, వీటితో పాటు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది, కొన్ని మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. అంటే "వరంగల్" అన్న ఒక్క మాటకి వేర్వేరు తేదీల్లో వేర్వేరు భూభాగాలు. పేర్ల మీద జాయిన్ కొడితే (రెండు పట్టికల్ని జత చేస్తే) ప్రోగ్రామ్ ఒక్క ఎర్రర్ కూడా చూపించదు, తప్పు అంకె మాత్రం బయటికొస్తుంది.

బ్యాంకులదీ ఇదే కథ. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలిశాయి, 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒకటే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఊళ్లో బ్రాంచి అక్కడే ఉంటుంది, ఖాతాదారులూ వాళ్లే, కోడ్లు మాత్రం మారిపోతాయి.

చేయాల్సిన పని:

- ప్రతి కోడుకీ "ఎప్పటినుంచి", "ఎప్పటిదాకా" అనే రెండు తేదీలు ఉన్న పట్టిక తయారు చేయండి
- ప్రతి పాత కోడు ఏ కొత్త కోడులోకి వెళ్లిందో ఇంకో పట్టిక
- జాయిన్ ఎప్పుడూ కోడు, తేదీ రెండింటి మీదా చేయండి, పేరు మీద వద్దు
- పాత సంవత్సరాలని కొత్త జిల్లాలకి మార్చాలంటే బ్రాంచి స్థాయికి దిగి, ఆ బ్రాంచి ఉన్న మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసి మళ్లీ కూడండి

జనాభా నిష్పత్తిలో పంచేద్దాం అనే షార్ట్‌కట్ అందరికీ తోస్తుంది. అప్పు జనాభాని బట్టి ఉండదు. హనుమకొండ లాంటి పట్టణ ప్రాంతానికీ, ములుగు లాంటి అటవీ ప్రాంతానికీ తలసరి అప్పు ఒకటే అనుకోవడం అవుతుంది. బ్రాంచి వివరాలు అసలే లేని పాత సంవత్సరాలకి తప్ప అలా చేయకండి, చేస్తే ఆ గడి పక్కన అంచనా అని గుర్తు పెట్టండి.

## 4. తప్పు రిపోర్టులు పట్టడం

ముందు రూల్స్, తర్వాతే మోడల్. బాకీ మైనస్‌లో ఉందా, బ్రాంచిల మొత్తం బ్యాంకు చెప్పిన మొత్తంతో సరిపోతోందా, వడ్డీ రేటు 1150 అని పడిందా (11.50లో చుక్క పోయి ఉంటుంది), ఆ తేదీకి లేని జిల్లా కోడు వచ్చిందా. సగం తప్పులు ఇక్కడే తేలిపోతాయి, వీటికి మెషీన్ లెర్నింగ్ అక్కర్లేదు.

తర్వాత క్వార్టర్‌తో క్వార్టర్‌ని పోల్చండి. కొత్త బాకీని పాత బాకీతో భాగించి, పది బేస్‌గా లాగ్ తీయండి. ఒక బ్రాంచి పోయిన క్వార్టర్లో 38.4 కోట్లు, ఈసారి 38,912 కోట్లు. నిష్పత్తి 1013, లాగ్ 3.006. లాగ్ విలువ 3కి అంత దగ్గరగా ఉందంటే వ్యాపారం పెరగలేదు, వేలల్లో ఇవ్వాల్సింది రూపాయల్లో ఇచ్చారని అర్థం. 5 దగ్గరుంటే లక్షల గొడవ, 7 దగ్గరుంటే కోట్ల గొడవ. ఈ గ్రాఫుని ఒక్కసారి గీసి చూడండి, సున్నా దగ్గర పెద్ద గుట్ట, 3 దగ్గర, మైనస్ 3 దగ్గర చిన్న చిన్న గుట్టలు కనిపిస్తాయి.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) వాడి హద్దులు పెట్టాను. అలాంటి వెయ్యి రెట్ల తప్పు ఒకటి వచ్చి విచలనాన్ని ఎంత పెంచేసిందంటే, అదే బ్యాంకు నుంచి వచ్చిన పది రెట్ల తప్పులు మూడు మామూలుగా కనిపించి జారిపోయాయి. పట్టిక దాదాపు బయటికి వెళ్లబోయేదాకా ఎవరం చూసుకోలేదు, చివరి గంటలో జిల్లా మొత్తం తేడా కొడితే పట్టుకున్నాం.

అందుకే మధ్యగతం (విలువల్ని వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది, మీడియన్) వాడండి. లాగ్ విలువలోంచి గుంపు మధ్యగతం తీసేసి, 0.6745తో గుణించి, ఆ గుంపులో మధ్యగతం నుంచి ఉన్న దూరాల మధ్యగతంతో భాగించండి. ఫలితం 3.5 దాటితే, లేదా మైనస్ 3.5 కంటే కిందికి పోతే అనుమానించాలి. గుంపు అంటే ఒకే రకం బ్రాంచిలు: పల్లెవి పల్లెలతో, మెట్రోవి మెట్రోలతో. సీజన్ కూడా చూడండి, ఖరీఫ్ ముందు పంట రుణాలు పెరగడం తప్పు కాదు, కాబట్టి పోయిన ఏడాది ఇదే క్వార్టర్‌తో కూడా పోల్చాలి.

ఐసొలేషన్ ఫారెస్ట్ (మిగతావాటికి భిన్నంగా ఉన్న వరసల్ని వెతికే మెషీన్ లెర్నింగ్ పద్ధతి) లాంటివి ఆ తర్వాత. ఒక్కో కాలమ్ విడిగా చూస్తే మామూలుగా ఉండి, కలిపి చూస్తే వింతగా ఉండేవాటికి అవి పనికొస్తాయి. బాకీ మామూలే, ఖాతాల సంఖ్య మామూలే, కానీ ఖాతాకి సగటు బాకీ పంట రుణంలో 80 లక్షలు, అలాంటివి.

### అనుమానాల జాబితాని వరసలో పెట్టడం

రెండు వేల వరసలు ఎర్రగా వస్తే ఎవరికి ఫోన్ చేస్తారు? ప్రతిదానికీ ప్రభావం లెక్క కట్టండి: వచ్చిన అంకెకీ ఉండాల్సిన అంకెకీ తేడా ఎంత, అది జిల్లా మొత్తంలో ఎంత శాతం.

మొదటి బ్రాంచి: ఉండాల్సింది 12 లక్షలు, వచ్చింది 1.2 కోట్లు. పది రెట్లు, కంటికి ఘోరం. జిల్లా మొత్తం 9,000 కోట్లయితే ప్రభావం 0.012 శాతం. రెండో బ్రాంచి: ఉండాల్సింది 520 కోట్లు, వచ్చింది 640 కోట్లు. చూడటానికి పెద్ద వింత కాదు, కానీ ప్రభావం 1.33 శాతం. మొదటి ఫోన్ రెండో బ్రాంచికే.

### మోడల్ చేత దిద్దించకండి

అనుమానం వచ్చిన అంకెని మోడల్ ఊహించిన అంకెతో మార్చేయడం ఈ పనిలో అతి పెద్ద తప్పు. బ్యాంకుని అడగండి. నిజంగానే జరిగిన మార్పులు చాలా ఉంటాయి. 2023 జులై 1న గృహరుణ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసినప్పుడు బ్యాంకుల గృహరుణాల బాకీ ఒక్కసారిగా ఎగిసింది. జనం ఆ నెలలో అంత అప్పు చేయలేదు, బయట ఉన్న అప్పు బ్యాంకుల పద్దులోకి వచ్చింది. రిజర్వ్ బ్యాంకు విలీనాన్ని కలిపి ఒక వృద్ధి రేటు, తీసేసి ఒక వృద్ధి రేటు ఇచ్చింది. మీరూ అలాగే చేయాలి. 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కిస్తీల మారటోరియం (కట్టడం వాయిదా వేసుకునే వీలు) ఉన్నప్పుడు కూడా బాకీలు తగ్గాల్సిన చోట తగ్గలేదు, మామూలు ఏళ్ల మీద నేర్చుకున్న మోడల్‌కి అవన్నీ తప్పుల్లాగే కనిపిస్తాయి.

ప్రతి వరసకీ ఒక గుర్తు ఉండాలి: బ్యాంకు నిర్ధారించింది, బ్యాంకు సవరించింది, జవాబు రాలేదు కాబట్టి అంచనా వేశాం. మూడోది జిల్లా మొత్తంలో ఎంత శాతమో చివర్లో చెప్పాల్సి ఉంటుంది.

## 5. అప్పు దేనికో రాసిన మాటలు, వాటికి కోడు

బ్రాంచిలో ఆఫీసరు రాసిన మాటలు ఇలా ఉంటాయి: "గేదెలు 2", "పాడి", "డెయిరీ యూనిట్", "కిరాణా", "ఫ్యాన్సీ షాప్", "రొయ్యల చెరువు", "టెంట్ హౌస్", "ఆటో", "బోరు". వీటిని జాతీయ పారిశ్రామిక వర్గీకరణ, అంటే ఎన్‌ఐసీ కోడ్లలోకి మార్చాలి. ఎన్‌ఐసీ-2008లో గేదెల పెంపకం 0141 కింద, చిల్లర వర్తకం 47 కింద, ధాన్యం మిల్లులు 1061 కింద వస్తాయి.

కిరాణా సులువు. "ఆటో" అంటే? ఆటో కొనుక్కుని నడుపుకునేవాడా, స్పేర్ పార్టుల షాపా, మెకానిక్ షెడ్డా? "బోరు" అంటే రైతు పొలంలో వేయించుకునేదా, బోర్లు వేసే లారీ కొనేవాడిదా? ఒకటి వ్యవసాయం, ఇంకోటి నిర్మాణం కింద పోతుంది. అప్పు సైజు, ఖాతా రకం, తాకట్టు పెట్టింది ఏంటి అనేవి పక్కన పెట్టుకుని చూస్తేనే తేలుతుంది. అందుకే మాటలొక్కటే మోడల్‌కి ఇవ్వకండి, ఈ మూడు కాలమ్‌లు కూడా ఇవ్వండి.

బంగారం అప్పుల విషయంలో జాగ్రత్త. "వ్యవసాయం" అని రాసి ఉంటుంది, ఎందుకంటే అది వ్యవసాయ బంగారు రుణం అనే స్కీము పేరు. ఆ డబ్బు పంటకే పోయిందని ఆ మాట చెప్పదు. వీటికి విడిగా ఒక గుంపు పెట్టుకోండి, పంట రుణాలతో కలిపేయకండి.

మెట్లు ఈ వరసలో:

1. లేబుల్ వేయడానికి వరసలు తీసేటప్పుడు బ్యాంకు, జిల్లా, అప్పు సైజు మూడింటినీ బట్టి గుంపులు చేసి ప్రతి గుంపులోంచీ తీయండి. ఊరికే యాదృచ్ఛికంగా తీస్తే మూడొంతులు పంట రుణాలే వస్తాయి.
2. ఒకే వరసకి ఇద్దరు విడివిడిగా కోడు వేయాలి. ఇద్దరూ విభేదించినవి మూడో మనిషి ముందుకి. ఎందుకు అలా తేల్చారో ఒక్క వాక్యం రాసిపెట్టుకోండి, అదే మీ కోడ్ పుస్తకం అవుతుంది.
3. ముందు నిఘంటువు పద్ధతి: గేదె, పాడి, డెయిరీ, పాలు అన్న మాటలుంటే 0141. ఇది ఎంతవరకు పట్టిందో కొలవండి.
4. తర్వాత మూడు నుంచి ఐదు అక్షరాల ముక్కలతో టీఎఫ్-ఐడీఎఫ్ (అరుదైన ముక్కలకి ఎక్కువ బరువిచ్చే లెక్క), దానిమీద లాజిస్టిక్ రిగ్రెషన్ (ఏ కోడుకి ఎంత అవకాశముందో చెప్పే సాదా మోడల్). స్పెల్లింగులు రకరకాలుగా ఉండే మన టెక్స్ట్‌కి అక్షరాల ముక్కలు పూర్తి పదాల కంటే బాగా పనిచేస్తాయి.
5. దీనికంటే స్పష్టంగా మెరుగైతేనే పెద్ద భాషా మోడల్ (చాట్‌బాట్‌ల వెనక ఉండే రకం). అదీ మీ సొంత సర్వర్లో, వెర్షన్ మారకుండా బిగించినదైతేనే. ఈరోజు ఒక కోడు, వచ్చే నెల అదే మాటకి ఇంకో కోడు ఇస్తే దాంతో కాలక్రమ వరస కట్టలేం.
6. మోడల్‌కి "తెలియదు" అని చెప్పే వీలు ఇవ్వండి. నమ్మకం తక్కువున్నవి మనుషుల దగ్గరికి.
7. పెద్ద అప్పులు, అంటే మొత్తంలో సగం విలువ ఏ కొద్ది ఖాతాల్లో ఉందో అవి, ఎప్పుడూ మనిషే చూడాలి.

పరీక్షకి డేటాని యాదృచ్ఛికంగా చీల్చడం ఇక్కడ పనికిరాదు. ఒకే బ్యాంకులో ఒకే టెంప్లేట్ వాక్యం వేల సార్లు ఉంటుంది, అది రెండు వైపులా పడి మోడల్ బట్టీ పట్టినా 98 శాతం వస్తుంది. ఒక బ్యాంకు మొత్తాన్ని పక్కన పెట్టి పరీక్షించండి, ఒక క్వార్టర్ మొత్తాన్ని పక్కన పెట్టి పరీక్షించండి. వచ్చే శాతం తగ్గుతుంది, నమ్మాల్సింది ఆ తగ్గిన శాతాన్నే.

## 6. మోడల్ కరెక్టే, మొత్తం తప్పు

ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ భాగమే, కాగితం పెన్ను తీసుకుని నాతో పాటు లెక్క వేయండి.

వెయ్యి అప్పులు. అందులో నిజంగా పాడివి 100, కానివి 900. మోడల్ పాడి అప్పుల్లో 90 శాతం సరిగ్గా పట్టుకుంటుంది: 90. పాడి కానివాటిలో 5 శాతాన్ని పొరపాటున పాడి అంటుంది: 45. వరస వరసా చూస్తే సరైనవి 90, 855, మొత్తం 945. అంటే 94.5 శాతం కరెక్ట్, ప్రెజెంటేషన్లో పెడితే అందరూ మెచ్చుకుంటారు.

పట్టికలో పాడి అప్పులు ఎన్ని? 90 ప్లస్ 45, 135. ఉన్నది 100. ముప్పై ఐదు శాతం ఎక్కువ చూపించాం.

పాడి కాని గుంపు పెద్దది కాబట్టి దాంట్లో ఐదు శాతం కూడా చాలా అవుతుంది, వదిలేసిన పదింటితో అది సరిపోదు. చిన్న వ్యాపకాలు తరచూ ఇలా ఉబ్బుతాయి. ఆ పట్టిక చూసి జిల్లాలో పాడికి అప్పు బాగానే అందుతోంది, ఇంక కొత్త స్కీము అక్కర్లేదు అని ఎవరైనా అనుకుంటే ఆ నష్టం గేదెలు కొనుక్కోవాలనుకున్న మనిషిది.

దిద్దే పద్ధతి ఉంది. ప్రతి క్వార్టర్లో మోడల్ కోడు వేసిన వరసల్లోంచి యాదృచ్ఛిక నమూనా తీసి మనుషుల చేత మళ్లీ కోడు వేయించండి. దాన్నిబట్టి రెండు రేట్లు తెలుస్తాయి: సరిగ్గా పట్టే రేటు (0.90), తప్పుగా చేర్చే రేటు (0.05). తర్వాత:

అసలు సంఖ్య = (మోడల్ చెప్పిన సంఖ్య − తప్పుగా చేర్చే రేటు × మొత్తం) ÷ (సరిగ్గా పట్టే రేటు − తప్పుగా చేర్చే రేటు)

(135 − 0.05 × 1000) ÷ (0.90 − 0.05) = 85 ÷ 0.85 = 100.

వచ్చేసింది. అయితే రేట్లు సరిగ్గా తెలియాలి. తప్పుగా చేర్చే రేటు 5 కాక 6 శాతం అని మీ నమూనా చెబితే అదే 135 నుంచి జవాబు 89 వస్తుంది. ఒక్క శాతం తేడాకి పదకొండు పోయాయి. వంద వరసల నమూనాతో 90 శాతం రేటుని కొలిస్తే ప్రామాణిక దోషం (నమూనా మారితే జవాబు ఎంత అటూ ఇటూ అవుతుందో) 3 శాతం పాయింట్లు, నాలుగు వందలకి 1.5. తనిఖీ నమూనాకి ఖర్చు పెట్టడానికి వెనకాడకండి, మోడల్‌ని ఇంకో అర శాతం మెరుగుపరచడానికి పెట్టే నెల రోజుల కంటే అది లాభం.

ఇదే లెక్క రూపాయల్లో మళ్లీ వేయాలి, ఎందుకంటే తప్పుగా చేరినవి పెద్ద అప్పులైతే సంఖ్యలో కొంచెం, విలువలో చాలా ఉంటుంది.

## 7. పేర్లు జతపరచడం

ఒకే రైస్ మిల్లుకి మూడు బ్యాంకుల్లో అప్పుంటుంది. వెంకటేశ్వర అన్న పేరుని ఇంగ్లిష్‌లో ఒకరు ఎస్‌తో, ఒకరు ఎస్, హెచ్ కలిపి రాస్తారు, శ్రీకి మూడు స్పెల్లింగులు, ముందు మెసర్స్ ఒకచోట ఉంటుంది ఒకచోట ఉండదు. మనుషుల పేర్లలో ఇంటిపేరు ఒక బ్యాంకులో ముందు, ఇంకోదాంట్లో వెనక.

పాన్ ఉంటే పాన్, పెద్ద సంస్థలకి ఇరవై అక్షరాల ఎల్‌ఈఐ (సంస్థలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు కోడు) ఉంటే అది. ముందు వీటితో కలిపేయండి. మిగిలినవాటికి మాత్రమే పేరు పోలిక: శ్రీ, మెసర్స్, అండ్ కో లాంటివి తీసేసి, ఒకే పిన్‌కోడు లోపలే పోల్చి, జారో-వింక్లర్ స్కోరు (రెండు పేర్ల అక్షరాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పేది) చూసి, ఫెలెగి-సంటర్ పద్ధతిలో ఆ రెండూ ఒకటే అయ్యే అవకాశం లెక్కగట్టండి.

మన దగ్గర ఎదురయ్యే తప్పు రెండోవైపు నుంచి వస్తుంది. ఒకే ఊళ్లో శ్రీ లక్ష్మీ పేరుతో ఆరు మిల్లులు ఉంటాయి, అవి ఆరూ వేర్వేరు. పేరు పోలిక బాగా కుదిరిందని కలిపేస్తే లేని పెద్ద సంస్థ ఒకటి పుడుతుంది. అందుకని ఊళ్లో ఎక్కువగా కనిపించే పేరుకి తక్కువ మార్కులు, అరుదైన పేరుకి ఎక్కువ మార్కులు ఇవ్వండి.

వెబ్‌సైట్ల నుంచి డేటా తెచ్చుకునేవాళ్లకీ ఇదే పని. ఇటలీ కేంద్ర బ్యాంకు పరిశోధకులు ఇళ్ల అమ్మకాల ప్రకటనలు వాడినప్పుడు ఒకే ఇంటికి పలు ప్రకటనలు ఉండటం పెద్ద చిక్కు అయింది. ముందు వాటిని ఒక్కో ఇల్లుగా కలిపాకే లెక్కకి వెళ్లారు.

## 8. రహస్యం బయటపడుతుందేమో చూడటం

ఒక గడిలో ముగ్గురే అప్పుదారులు: 180 కోట్లు, 6 కోట్లు, 4 కోట్లు. మొత్తం 190 అని ప్రచురించారు. 6 కోట్లవాడు తనది తీసేస్తే 184, అంటే పెద్ద సంస్థ బాకీ అతనికి రెండు శాతం తేడాతో తెలిసిపోయింది. మొదటి ఇద్దరినీ తీసేసి మిగిలినదాన్ని (4) మొదటివాడితో (180) భాగించండి. 2.2 శాతం వచ్చింది. మీ సంస్థ పెట్టుకున్న హద్దు, ఉదాహరణకి 10 శాతం, కంటే తక్కువ కాబట్టి ఆ గడి మూయాలి, అంటే అందులో అంకె ప్రచురించకూడదు.

ఒక్క గడి మూస్తే చాలదు. జిల్లా మొత్తంలోంచి మిగతా గడులు తీసేస్తే అది బయటపడుతుంది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, అవి కలిసే చోట ఇంకోటి కూడా మూయాలి. చేత్తో చేయకండి, దీనికి సాఫ్ట్‌వేర్ ఉంది. పోయిన క్వార్టర్ పట్టికతో తేడా తీసినా బయటపడకూడదు, అది కూడా పరీక్షించండి.

## 9. పాత పద్ధతి పక్కన నడపడం, విడుదల

కొత్త పద్ధతిని కనీసం నాలుగు క్వార్టర్లు పాతదాని పక్కనే నడపండి. ఏడాదంతా చూస్తే తప్ప సీజన్ల తేడా తెలియదు. రెండు అంకెలకీ తేడా వచ్చిన ప్రతి పెద్ద గడికీ కారణం పేరు పెట్టి చెప్పగలగాలి: జిల్లా కోడు వల్ల ఇంత, బంగారు రుణాలు విడదీయడం వల్ల ఇంత, మోడల్ దిద్దుబాటు వల్ల ఇంత.

మారే రోజున వెనక సంవత్సరాలు కూడా కొత్త పద్ధతిలో మళ్లీ లెక్కకట్టి ఇవ్వండి. కుదరకపోతే గ్రాఫులో అక్కడ గీత తెంపండి.

విడుదల నోట్‌లో ఇలా రాయండి: "పాడి రుణాల కోడింగ్ ఈ క్వార్టర్ నుంచి మోడల్ సాయంతో జరిగింది. తనిఖీ నమూనా ఇన్ని వరసలు. దిద్దుబాటుకి ముందు అంకె ఇంత, తర్వాత ఇంత. జవాబు రాని బ్రాంచిలకి వేసిన అంచనా మొత్తంలో ఇంత శాతం." చదివేవాళ్లకి అర్థమయ్యే నాలుగు వాక్యాలు చాలు, న్యూరల్ నెట్‌వర్క్ బొమ్మలు అక్కర్లేదు.

విడుదల రోజు చెక్‌లిస్ట్:

- డేటా వెర్షన్, కోడ్ వెర్షన్, మోడల్ వెర్షన్ మూడూ ఒకేచోట రాసి ఉన్నాయా
- ఇంకో మనిషి, ఇంకో కంప్యూటర్లో నడిపితే అదే అంకె వచ్చిందా
- జిల్లాల మొత్తం రాష్ట్రంతో, రాష్ట్రాల మొత్తం దేశంతో సరిపోయిందా
- మూసిన గడులు లెక్క వేసి చూశారా
- విడుదల టైమ్‌కి ముందు అంకె ఎవరెవరి దగ్గరుందో జాబితా ఉందా
- సవరణ ఎప్పుడు వస్తుందో ముందే ప్రకటించారా

## 10. విడుదల తర్వాత

ప్రతి క్వార్టర్లో బ్యాంకు వారీగా మూడు చూడండి: మోడల్ "తెలియదు" అన్న వరసల శాతం, ప్రతి వ్యాపకం వాటా, ఇంతకుముందు ఎప్పుడూ కనిపించని మాటల శాతం. నేను పనిచేసిన ఒకచోట ఒక బ్యాంకు తన సాఫ్ట్‌వేర్లో డ్రాప్‌డౌన్ మార్చింది. జాబితాలో మొదట ఉన్న వ్యాపకమే డిఫాల్ట్ అయి కూర్చుంది, కౌంటర్లో రద్దీగా ఉన్నప్పుడు ఎవరూ దాన్ని మార్చలేదు. రెండు క్వార్టర్లపాటు ఒక జిల్లాలో ఆ ఒక్క వ్యాపకం పెరుగుతూ పోయింది. మోడల్ తప్పు చేయలేదు, వచ్చిన మాటని వచ్చినట్టే కోడు వేసింది. వ్యాపకాల వాటాని బ్యాంకు వారీగా చూసి ఉంటే మొదటి వారంలోనే దొరికేది.

మోడల్ ఆగిపోతే ఏం చేయాలో కూడా ముందే రాసి ఉంచండి. నిఘంటువు పద్ధతి నడవడానికి సిద్ధంగా ఉండాలి, ఎవరు నిర్ణయం తీసుకుంటారో పేరు ఉండాలి, విడుదల తేదీ మాత్రం మారకూడదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్లకి: మొదటి క్వార్టర్లో మోడల్ జోలికి వెళ్లకండి. ఖాళీ పట్టిక, తేదీలున్న జిల్లా పట్టిక, లాగ్ నిష్పత్తుల గ్రాఫు, ఈ మూడూ చేయండి. రెండో క్వార్టర్లో ఇద్దరు మనుషులతో వెయ్యి వరసలకి కోడు వేయించండి. వాళ్లిద్దరూ ఎక్కడెక్కడ విభేదించారో ఆ జాబితా దగ్గర పెట్టుకుని, అప్పుడు మోడల్ ఫైలు తెరవండి.